కాదన్నందుకు కారణం

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. మా ఉద్యోగాల ఏజెన్సీ తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు బీమా కంపెనీలో ముప్పై ఒక్కేళ్ళు ఉత్తరాల విభాగం నడిపారని, మీ ఉత్తరం అందుకున్నాక కంపెనీ మీద కేసు వేద్దామనుకున్నవాళ్ళు కూడా ఇంకో పాలసీ తీసుకునేవారని మా క్లయింటు ఎక్కడో విన్నారట. అందుకని ఆర్నెల్ల ఫ్రీలాన్స్ కాంట్రాక్టు ఒకటి మీకే ఇవ్వాలని పట్టుబట్టారు. రోజూ ఆఫీసుకి రానక్కర్లేదు. ఇంట్లో మీకు తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు. నెలాఖరులోగా మీ సంతకం కావాలి. మీరు తప్ప ఇంకెవరూ వద్దన్నారు.

పని వివరాలు దీంతో పంపుతున్న సీలు కవరులో ఉన్నాయి. లోపల ఏముందో నాకు తెలియదు, క్లయింటు ఎవరో కూడా తెలియదు. మా ఆఫీసు పద్ధతి అంతే. సీలు కవరు మేనేజరుగారి గదిలోంచి నా బల్ల మీదికి వస్తుంది, నా బల్ల మీంచి మీ ఇంటికి వస్తుంది. నేను అడ్రసు మాత్రం రాస్తాను.

ఒప్పుకునేవారు పచ్చ కాగితం మీద, కాదనేవారు తెల్ల కాగితం మీద సంతకం చేయాలి. పచ్చ కాగితం జతచేశాను. ఇంత మంచి అవకాశాన్ని ఎవరూ కాదనరు కనక తెల్లది పెట్టలేదు.

ఇట్లు
మీ విధేయుడు,
ఉత్తరాల విభాగం

తా.క.: నేను ఈ ఉద్యోగంలో చేరి అయిదు నెలలైంది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ కాంట్రాక్టు కుదిరాక నా ఉద్యోగం సంగతి మాట్లాడదామన్నారు మేనేజరుగారు. మిమ్మల్ని మొహమాట పెట్టడానికి కాదు, ఊరికే మీకు తెలియడానికి రాశాను.

*

ఉత్తరాల విభాగం వారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. చక్కగా రాశారు.

కవరు విప్పి చదివాను. చదివి మళ్ళీ మడిచి లోపల పెట్టాను. ఈ పని నాకు కుదరదండీ. నన్ను గుర్తుపెట్టుకుని అడిగినందుకు మీ క్లయింటుకి థాంక్స్ చెప్పండి. పచ్చ కాగితం వెనక్కి పంపుతున్నాను. తెల్ల కాగితం మీరు పెట్టలేదు కాబట్టి ఈ ఉత్తరాన్నే తెల్ల కాగితం అనుకోండి. నిజానికి ఇదీ తెల్లగానే ఉంది.

ఇట్లు
పై వాటాలో ఉండే రిటైర్డ్ సూపర్‌వైజరు

తా.క.: మీ సీలు కవరు నాకంటే ముందు మా ఆడపడుచు చేతిలో పడింది. ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే సీట్లో పాతికేళ్ళు కూర్చుంది. వీధంతా ఆవిడని కలెక్టరమ్మ అంటారు. కవరుని అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "మూడు కాగితాలు, ఏదో ఏడుపు కబురు" అంది. మూడు కాగితాలే ఉన్నాయి.

అన్నట్టు, మీ విభాగంలో ఎంతమంది పని చేస్తారు? ఊరికే తెలుసుకుందామని.

*

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తర్వాత రూల్సు పుస్తకం తీశాను.

తెల్ల కాగితం ఇప్పుడు పంపుతున్నాను. దాని మధ్యలో ఒక గడి ఉంది చూడండి. పైన 'కాదన్నందుకు కారణం' అని రాసి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే మీరు కాదన్నట్టు లెక్కలోకి రాదు. కారణం రాస్తే అది అభ్యంతరం అవుతుంది. అభ్యంతరం ఏదైనా సరే దాన్ని తొలగించడం నా డ్యూటీ. అంటే ఈ ఆఫీసుకి కాదని చెప్పడం కొంచెం కష్టమేనండీ. నేనూ ఈ మధ్యే గమనించాను.

మీరు రాసిన ప్రతి ఉత్తరం, నా ప్రతి జవాబు నకలు ఒకే ఫైల్లో కుట్టి పెడతాను. నెలాఖరున మేనేజరుగారు చూస్తారు. కాబట్టి దయచేసి గడి నింపండి.

మా విభాగం గురించి అడిగారు. ఉన్నది నేనొక్కణ్ణే. కిటికీ పక్కన బల్ల, ఒక మనీప్లాంటు, రెండు కుర్చీలు. రెండో కుర్చీ ఎవరైనా వస్తారని వేశారు, ఇంతవరకు ఎవరూ రాలేదు. ఇంతకుముందు సైకిళ్ళ షాపులో చేశాను, అది ఎత్తేశారు. ప్రింటింగు ప్రెస్సులో చేరాను, అదీ మూసేశారు. సినిమా హాల్లో టికెట్లిచ్చాను, ఇప్పుడక్కడ గోడౌను ఉంది. నేను ఎక్కడ కాలు పెడితే అక్కడ తాళం పడుతుందని మా మామగారి అభిప్రాయం. నా ఎదురుగా అనరు, గోడకి చెబుతున్నట్టు అంటారు. అందుకే ఇది పర్మనెంటు కావాలని నాకు ఆశ.

ఇట్లు
మీ విధేయుడు,
ఉత్తరాల విభాగం

తా.క.: మా మేనేజరుగారు ఈ మధ్య నన్ను చూస్తే టీ తాగావా అని అడుగుతున్నారు. అయిదు నెలల్లో ఎన్నడూ అడగలేదు. మంచి రోజులు వస్తున్నట్టున్నాయి.

*

ఉత్తరాల విభాగం బాబుకి,

ఆశీస్సులు. మీ ఉత్తరం చదివాక 'వారికి' అని రాయబుద్ధి కాలేదు. ఉన్నది ఒక్కరే కదా.

గడి నింపుతున్నాను. కారణం: కళ్ళు. చిన్న అక్షరాలు కనబడటం లేదు. దగ్గరగా పెట్టుకుంటే అలుక్కుపోతాయి, దూరంగా పెట్టుకుంటే చెయ్యి చాలదు. ఇలాంటి కళ్ళతో ఆర్నెల్లపాటు ఉత్తరాలు రాయడం నావల్ల కాదు. ఇది మీరూ నేనూ తొలగించగలిగేది కాదు కనక ఫైలు ఇంతటితో కుట్టేయండి. మీ క్లయింటు ఈ ఆలోచనే మానుకుంటే అందరికీ మంచిది.

మా ఆయన పక్కనే కూర్చుని టేబుల్ ఫ్యాను బాగుచేస్తున్నారు. పెళ్ళైన కొత్తలో కొన్న ఫ్యాను. బాగుచేసిన ప్రతిసారీ రెండు మరలు మిగులుతాయి. ఇప్పుడు ఫ్యానులో కన్నా డబ్బాలో ఎక్కువ ఉన్నాయి. నేను ఇలా రాస్తుంటే తొంగిచూసి, "పొద్దున బియ్యంలో రాళ్ళు ఏరావుగా" అన్నారు. ఆయన మాట పట్టించుకోకండి.

ఇట్లు
పై వాటా సూపర్‌వైజరు

తా.క.: ఉత్తరాలు కాక మీకు ఇంకేం పనులు వచ్చు? పిల్లలున్నారా? ఇంట్లో మీ సంపాదన మీదే నడవాలా? ఊరికే.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారం. మీ అభ్యంతరం అందింది. దీంతోపాటే వచ్చిన పార్సిల్లో స్టాండు ఉన్న భూతద్దం ఒకటి, మెడ ఎటు కావాలంటే అటు వంగే లైటు ఒకటి ఉన్నాయి. భూతద్దం కింద కాగితం పెట్టి లైటు వేస్తే చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. నేను లెక్కపెట్టాను, ఆరు. దీంతో కళ్ళ అభ్యంతరం తొలగిపోయినట్టు ఫైల్లో రాసుకున్నాను.

మీరు నా గురించి, నా సంపాదన గురించి, పిల్లల గురించి ఆరా తీశారు. మా ఆవిడకి ఉత్తరం చదివి వినిపించాను. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఆవిడ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉందండీ, సంబంధాలు వెతుకుతున్నారు" అని తేల్చేసింది. కానీ అమ్మా, నాకు పెళ్ళై పదకొండేళ్ళు. ఒక అమ్మాయి, నాలుగో తరగతి. అందుకని మా బాబాయి కొడుకు ఫోటో పంపుతున్నాను. ముప్పై మూడేళ్ళు. లిఫ్టులు బిగించే కంపెనీలో పర్మనెంటు. నెమ్మదైన మనిషి. ఫోటోలో కోపంగా కనబడుతున్నాడు కానీ అది ఎండ వల్ల.

ఇక నాకు వచ్చిన పనులంటారా, సైకిలు పంక్చరు వేస్తాను, అచ్చు అక్షరాలు తలకిందులుగా చదువుతాను, చీకట్లో సీటు నంబరు చెప్పగలను. ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు లెండి.

పచ్చ కాగితం మళ్ళీ జతచేశాను.

ఇట్లు
మీ విధేయుడు,
ఉత్తరాల విభాగం

తా.క.: ఇంకేమైనా అభ్యంతరాలుంటే అన్నీ ఒకేసారి రాయండి. మా పార్సిళ్ళ గుమాస్తా విసుక్కుంటున్నాడు.

*

ఉత్తరాల విభాగం బాబుకి,

ఆశీస్సులు. భూతద్దం అందింది. నా బల్ల మీద ఒక పూట ఉంది. మా ఆయన దాన్ని ఫ్యాను దగ్గరికి పట్టుకెళ్ళారు. ఇన్నేళ్ళుగా మిగులుతున్న మరల్లో రెండు ఎక్కడివో ఇప్పుడు తెలిసిందట. మన ఫ్యానువి కావట, పక్కింటి మిక్సీవట. వాళ్ళు ఇల్లు మారి తొమ్మిదేళ్ళైంది.

ఫోటో సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా ఇంట్లో పెళ్ళి కానివాళ్ళు ఒక్కరే ఉన్నారు, మా కలెక్టరమ్మ. ఆవిడకి యాభై తొమ్మిది. కవరు తెరిచింది కూడా ఆవిడే. ఫోటోని భూతద్దం కింద పెట్టి అయిదు నిమిషాలు చూసి, "కుర్రాడు బాగానే ఉన్నాడు కానీ, చొక్కా గుండీ ఒకటి ఊడింది. గుండీ కుట్టుకోలేనివాడు లిఫ్టులు ఏం బిగిస్తాడు వదినా?" అంది. ఆ రోజు నుంచి ఆవిడ ఎప్పుడు లిఫ్టు ఎక్కాల్సి వచ్చినా మెట్లే ఎక్కుతోంది.

కారణాలన్నీ ఒకేసారి రాయమన్నారు. సరే. ఒకటి, నా బల్ల ఊగుతుంది. ఊగే బల్ల మీద నేను రాయలేను. రెండు, మా ఆయనకి నేను పని ఒప్పుకోవడం ఇష్టం లేదు. ఇంట్లో మగవాళ్ళు వద్దన్నప్పుడు మనమేం చేస్తాం చెప్పండి. ఈ రెండో కారణం రాస్తున్నప్పుడు ఆయన ఇంట్లో లేరు.

నా మాట విని ఈ కాంట్రాక్టు వదిలేయండి బాబూ. కొన్ని పనులు కుదరకపోవడమే మేలు.

ఇట్లు
పై వాటా సూపర్‌వైజరు

తా.క.: మీ మేనేజరుగారు ఇంకా టీ గురించి అడుగుతున్నారా?

*

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారం. మా దగ్గర పేరు నమోదు చేసుకున్న వడ్రంగి మీ ఇంటికి వచ్చి వెళ్ళాడు. బల్ల కాళ్ళు నాలుగూ కొలిచి, తప్పు బల్లది కాదు, గచ్చుది అని రిపోర్టు ఇచ్చాడు. బల్ల కింద చెక్క ముక్క బిగించి, ఎందుకైనా మంచిదని చేతులున్న కుర్చీ ఒకటి మీ దగ్గరే వదిలి వచ్చాడట. బల్ల అభ్యంతరం తొలగింది.

ఇక రెండోది. మీవారికి విడిగా ఒక ఉత్తరం రాశాను. భార్య ప్రతిభని ప్రోత్సహించిన భర్తల గురించి రెండు పేజీలు. ఆయన వెంటనే జవాబు రాశారు. "నేను ఎప్పుడూ వద్దనలేదు బాబూ. వద్దన్నా ఆవిడ వినదు. నీ ఉత్తరం బాగుంది, మా పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకంటూ విడిగా ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. మళ్ళీ రాయి" అని ఆయన దస్తూరీ. జవాబులో టేబుల్ ఫ్యాను బొమ్మ కూడా వేశారు. ఫైల్లో పెట్టాను.

కలెక్టరమ్మగారికి నా క్షమాపణలు. మా బాబాయి కొడుకు గుండీ కుట్టించుకున్నాడు.

నెలాఖరుకి ఇంక ఎనిమిది రోజులే ఉంది. నేను తొందరపడి మా మామగారితో ఉద్యోగం పర్మనెంటు అయినట్టేనని అనేశాను. ఆయన మొట్టమొదటిసారి నా వైపు తిరిగి, "మంచిది" అన్నారు. గోడ వైపు కాదు. అందుకని అమ్మా, పచ్చ కాగితం.

ఇట్లు
మీ విధేయుడు,
ఉత్తరాల విభాగం

తా.క.: అడుగుతున్నారండీ. నిన్న బిస్కెట్టు కూడా ఇచ్చారు.

*

ఉత్తరాల విభాగం బాబుకి,

ఆశీస్సులు. మీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఎందుకని అడగకండి.

ఇప్పుడు నిజంగా ఒక కారణం వచ్చింది. మా ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదు. మంచం దిగడం లేదు. అన్నీ నేనే చూసుకోవాలి. మందులు, గంజి, కాళ్ళు పట్టడం. రాత్రీ పగలూ ఇదే సరిపోతుంది. నెలాఖరు దాకా ఇలాగే ఉండేట్టుంది. నెలాఖరు దాటాక తగ్గవచ్చు.

దయచేసి గడిలో 'ఇంట్లో జబ్బు' అని రాసి ముగించండి. మీ మామగారితో తొందరపడి చెప్పకుండా ఉండాల్సింది నాయనా.

ఇట్లు
పై వాటా సూపర్‌వైజరు

తా.క.: కుర్చీ చాలా హాయిగా ఉంది. దాని మీద కూర్చుని మీకు కాదని రాయాలంటే సిగ్గేస్తోంది.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారం. జబ్బు అభ్యంతరానికి మా దగ్గర పేరున్న నర్సుని, డజను బత్తాయిలని పంపాను. నర్సు రిపోర్టు ఇలా ఉంది.

"తలుపు తట్టగా రోగి స్వయంగా మెట్లు దిగి వచ్చి తీసింది. తడి గుడ్డ చేతిలో ఉంది, కిటికీలు తుడుస్తోంది. నా గుర్తింపు కార్డు అడిగి, రెండు వైపులా చూసి, ఫోటో పాతదని చెప్పింది. తనకి జబ్బని నేను చెప్పగా, 'ఎప్పట్నుంచి?' అని అడిగింది. బీపీ చూస్తానంటే తనే పట్టీ లాక్కుని నాకు చూసింది. నాకు ఎక్కువగా ఉందట. రెండు బత్తాయిలు తినిపించి పంపించింది."

కాబట్టి జబ్బు అభ్యంతరం కూడా తొలగింది. నిజంగా జబ్బు చేసింది మా నర్సుకే.

అమ్మా, ఇక ఆఫీసు భాష పక్కన పెట్టి ఒక మాట అడుగుతాను. మీరు చెప్పిన కారణాలేవీ అసలు కారణం కాదని నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. నా మీద ఏమైనా కోపమా? నా ఉత్తరాల్లో ఏదైనా మర్యాద తప్పిందా? నేను ఈ పనికి కొత్త. ముప్పై ఒక్కేళ్ళు ఉత్తరాలు దిద్దిన మనిషికి రాస్తున్నానని తెలిసి ఒక్కొక్కటి మూడుసార్లు రాసి పోస్టు చేశాను. తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

శనివారం పొద్దున నేనే పచ్చ కాగితం తీసుకుని మీ ఇంటికి వస్తున్నాను. ఎదురెదురుగా కూర్చుంటే మీరు కాదనలేరని నా నమ్మకం.

ఇట్లు
మీ విధేయుడు,
ఉత్తరాల విభాగం

తా.క.: మా అమ్మాయి స్కూల్లో 'మా నాన్న ఉద్యోగం' అని వ్యాసం రాయమన్నారట. "మా నాన్న కాదన్నవాళ్ళని ఒప్పిస్తాడు" అని రాసింది. ఇంకా ఫలితం రాలేదు, వ్యాసానికీ, నాకూ.

*

బాబూ,

ఇకనుంచి నువ్వనే రాస్తాను. మీరు మీరంటూ ఈ సంగతి చెప్పడం నావల్ల కాదు.

నీ ఉత్తరం కలెక్టరమ్మ ముందు చదివింది. తనకి జబ్బు తెప్పించినందుకు నన్ను ఓ పూటంతా దులిపేసి, చివరికి చల్లబడి, "పిల్లవాడు తన ఉత్తరాల్లో తప్పుందేమోనని బెంగపెట్టుకున్నాడు వదినా. నువ్వు దాస్తున్నది వాడికి మంచి అనుకుంటున్నావు కానీ, వాడికి ఏడుపే. రాసి పారెయ్యి" అంది. ఆవిడ కవరు బరువే తప్పు చెప్పదు, మనిషి బరువు అసలే తప్పు చెప్పదు.

లోపలి విషయం ఎవరికీ చెప్పకూడదని సీలు కవరులో మొదటి పేజీ మీదే రాసి ఉంది. ఉండనీ. నేను సంతకం పెట్టలేదు కాబట్టి నన్ను కట్టేసేది ఏమీ లేదు.

మీ క్లయింటు ఎవరో కాదు, మీ ఏజెన్సీయే. నన్ను అడిగిన పని ఏమిటంటే, అభ్యర్థులకి ఏజెన్సీ నుంచి వెళ్ళే ఉత్తరాలన్నిటికీ మాదిరులు రాసి పెట్టడం. అడిగేది ఒకటి, కాదంటే నచ్చజెప్పేది ఒకటి, మళ్ళీ కాదంటే మళ్ళీ నచ్చజెప్పేది ఒకటి, అలాగ ఒక పుస్తకం. మూడో పేజీలో అడుగున ఈ మాట ఉంది: 'మాదిరులు చేతికి అందాక ఉత్తరాల విభాగం అవసరం ఉండదు. అందులోని ఒక్క ఉద్యోగినీ పంపించేయడం జరుగుతుంది.'

ఆ ఒక్క ఉద్యోగి చేతే ఆ కవరు మీద అడ్రసు రాయించారు. నాకు కోపం వచ్చింది అందుకే. నిన్ను చూస్తే మీ మేనేజరుకి టీ గుర్తుకొస్తున్నది కూడా అందుకే.

మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాను. నేను మాత్రమే కావాలన్నారు కదా, నేను ఎలాగోలా నెలాఖరు దాటిస్తే విసిగిపోయి ఆ ఆలోచనే మానుకుంటారని, నీకు ఏ సంగతీ తెలియకుండానే నీ కుర్చీ నీకు ఉండిపోతుందని అనుకున్నాను. నేను ఒక అభ్యంతరం పెడితే నువ్వు ఎంత శ్రద్ధగా దాన్ని తొలగించేవాడివో! నీ ఉద్యోగం నువ్వే పీక్కుంటున్నావని తెలియక నాకు భూతద్దం పంపావు, కుర్చీ పంపావు. అవి అందుకున్న ప్రతిసారీ ఇంకో అబద్ధం వెతుక్కునేదాన్ని.

కాబట్టి ఇదిగో, తెల్ల కాగితం నింపి పంపుతున్నాను. కాదన్నందుకు కారణం అన్న గడిలో 'నువ్వు' అని రాశాను. ఈ అభ్యంతరం ఎలా తొలగిస్తావో చూస్తాను.

మా కింది గది వీధి వైపుది, ఖాళీగా ఉంది. ఫిర్యాదులనీ, అర్జీలనీ, విడిపోయినవాళ్ళకి క్షమాపణలనీ ఉత్తరాలు రాయించుకోడానికి నా దగ్గరికి రోజూ మనుషులు వస్తారు. మెట్లు చూసి సగంమంది తిరిగి వెళ్ళిపోతున్నారు. ఆలోచించుకో.

ఆశీస్సులతో
అమ్మ

తా.క.: నీ ఉత్తరాల్లో తప్పుందా అని అడిగావు. నా కింద పద్నాలుగుమంది పని చేశారు. 'ఊరికే మీకు తెలియడానికి' అని రాసి మనిషిని మూడు వారాలు నిద్రపోనివ్వకుండా చేయడం వాళ్ళలో ఒక్కరికీ చేతకాలేదు.

*

అమ్మా,

నమస్కారం. శనివారం వస్తానని రాలేదు. మూడు వారాలు ఉత్తరం కూడా రాయలేదు. తప్పే. ఇది ఆఫీసు కాగితం కాదు, మా అమ్మాయి నోటు పుస్తకంలోది.

మీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు పొద్దునే మేనేజరుగారు ఫైలు తెప్పించుకుని చూశారు. తలుపు వేసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. లోపల్నుంచి నవ్వు వినబడింది. నర్సు దగ్గరికి వచ్చారని తెలిసింది. తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టి, "ఇంక ఆవిడ సంతకం అక్కర్లేదు. ఆవిడ కాదంటూనే పని పూర్తి చేసేసింది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఫైలు తిప్పి చూపించారు. కారణం చెప్పకుండా కాదన్న ఉత్తరం, దానికి జవాబు. ఒంటి మీద పెట్టి కాదన్నది, జవాబు. ఇంటాయన మీద పెట్టి కాదన్నది, జవాబు. జబ్బు మీద పెట్టి కాదన్నది, జవాబు. "మనుషులు కాదనే తీరులన్నీ ఇందులో ఉన్నాయి, ఒప్పించే తీరులన్నీ ఉన్నాయి. పేర్లూ అడ్రసులూ మార్చుకుంటే చాలు" అన్నారు. సంతకం లేదు కాబట్టి మీకేమీ ఇవ్వక్కర్లేదట. నాకు టీ ఇప్పించారు. నెలాఖరున విభాగం మూసేశారు.

మీరు నన్ను కాపాడాలని ఆ ఉత్తరాలు రాశారు. నేను పర్మనెంటు కావాలని జవాబులు రాశాను. మనిద్దరం కలిసి నా ఉద్యోగం ఎంత నీటుగా తీసేశామో చూశారా అమ్మా? ఇందులో మీ తప్పు ఏమీ లేదు. బాధపడతారని తెలుసు, పడకండి.

ఇంట్లో చెప్పాను. మా మామగారు ముందు గోడ వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈసారి తాళం వేసింది నువ్వు కాదు" అన్నారు. అది చాలు నాకు.

అసలు సంగతి ఇప్పుడు వినండి. పది రోజుల కిందట ఏజెన్సీ నుంచి నాకే ఒక ఉత్తరం వచ్చింది. నేను మీకు రాసిన మొదటి ఉత్తరమే. 'మేడమ్' కొట్టేసి 'సర్' అని ఉంది. ఆ మాదిరుల పుస్తకం చూసుకోడానికి మనిషి కావాలట, ఫ్రీలాన్స్ కాంట్రాక్టు, ఆర్నెల్లు. 'ఊరికే మీకు తెలియడానికి' అన్న మాట కూడా అలాగే ఉంచారు. నాది నేనే చదువుకుంటే మెత్తబడ్డాను. నిజంగా బాగా రాశాను.

కాదన్నాను. తెల్ల కాగితం వచ్చింది. కళ్ళన్నాను. భూతద్దం, లైటు వచ్చాయి. బల్ల ఊగుతోందన్నాను. అదే వడ్రంగి వచ్చాడు. నన్ను చూసి, "ఏమిటి సార్, అందరి గచ్చూ ఇలాగే ఉంది" అని కుర్చీ దింపి వెళ్ళాడు. మొహమాటమేసి అన్నీ వెనక్కి పంపుతానని రాస్తే, ఇచ్చిన వస్తువులు తిరిగి తీసుకునే ఉత్తరం పుస్తకంలో లేదట. ఒకటి రాసి ఇస్తావా అని మేనేజరుగారు అడిగారు. కుదరదన్నాను.

కాబట్టి సోమవారం పొద్దున భూతద్దం, లైటు, కుర్చీ, మనీప్లాంటు తీసుకుని మీ కింది గదికి వస్తున్నాను. మనీప్లాంటు ఆఫీసుది కాదు, నాదే. రెండో కుర్చీ, అదే మీకు వడ్రంగి దింపింది, మీ దగ్గర ఉంది కదా, వచ్చేవాళ్ళు కూర్చోడానికి దించండి. కలెక్టరమ్మగారి కోసం ఒక్క వారం ఆగి, ఇంట్లో జబ్బని కూడా రాస్తాను. బత్తాయిలు వస్తాయి. నర్సుకి బీపీ మళ్ళీ ఒకసారి చూడాలని ఆవిడ అన్నారట, నర్సే చెప్పింది.

ఆ తర్వాత 'వేరే చోట పని దొరికింది' అని రాస్తాను. దానికి వాళ్ళ దగ్గర జవాబు లేదు. మీరు ఆ కారణం ఎన్నడూ రాయలేదు.

ఇట్లు
మీ
కింది వాటా

తా.క.: వచ్చిన ప్రతి ఉత్తరం ఫైల్లో కుట్టాలని రూలు. మీ చివరి ఉత్తరం కుట్టలేదు. గడిలో 'నువ్వు' అని ఉన్న తెల్ల కాగితం కూడా ఇవ్వలేదు. వాళ్ళ పుస్తకంలో కాదనడానికి అబద్ధపు కారణాలన్నీ ఉన్నాయి, నిజం కారణం ఒక్కటీ లేదు. దాన్ని తొలగించడం నాకు చేతకాలేదమ్మా. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.